ఎలిఫ్ సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము:

మిగులు = జీతం - ఖర్చు
ఇఫ్ మిగులు >= 0:
    ప్రింట్("గండం గడిచింది")
ఎలిఫ్ మిగులు >= 5000:
    ప్రింట్("చీటీ కట్టు")
ఎల్స్:
    ప్రింట్("చేబదులు అడుగు")

అవతారిక: పైథాన్‌లో అడుగిడిన శిష్యులచే షరతులను అభ్యసింపజేయగోరి, నెల బడ్జెట్టు నెపమున గురువు దీనిని బోర్డుపై వ్రాసెను.

ప్రతిపదార్థము: మిగులు = అద్దె, పాలు, కరెంటు, ఈఎంఐ పోగా నిలిచినది; ఇఫ్ = అయినచో; >= 0 = సున్నయైనను, అంతకు మించినను; ఎలిఫ్ = పైది కాక ఇది యైనచో; ఎల్స్ = ఏదియు కానిచో. కుడికి జరిపిన నాలుగు ఖాళీలు అలంకారములు కావు. ఏ పంక్తి ఏ షరతుకు లోబడునో తెలుపునవి అవియే.

తాత్పర్యము: ఐదువేలు మిగిలినచో చీటీ, అంతకు తగ్గినచో ఊరట, లోటైనచో చేబదులు.

విశేషములు: ఇది గురుని తాత్పర్యమే గాని యంత్రమునది కాదు. జీతము 30,000, ఖర్చు 22,000 అనుకొందము. మిగులు 8,000. యంత్రము పైనుండి చదువును. 8,000 సున్నకు మించినది గనుక "గండం గడిచింది" అని పలికి, తక్కిన షరతులవంక కన్నెత్తి చూడదు. కోటి మిగిలినను ఇంతే. ఐదువేలు దాటిన ప్రతి అంకెయు సున్నను దాటినదే గదా! వ్యాఖ్యాత కొలచెలమ మల్లినాథసూరియే దిగివచ్చినను ఆ ఎలిఫ్‌నకు ప్రయోజనము చూపలేడు.

పూర్వపక్షము: ఎలిఫ్‌ను ఇఫ్‌గా దిద్దిన చాలదా?

సమాధానము: చాలదు సరికదా, కొంప మునుగును. అపుడు ఎల్స్ రెండవ ఇఫ్‌ను అంటుకొనును. రెండువేలు మిగిలిన గృహస్థునకు "గండం గడిచింది" అనియు, వెంటనే "చేబదులు అడుగు" అనియు రెండు మాటలు వినవచ్చును. కావున 5000 షరతును ముందునకును, 0 షరతును దాని వెనుకకును మార్చుటయే సాధువు.

పాఠాంతరము: కొందఱు శిష్యులు ">= 0" కు మాఱుగా "> 0" అని వ్రాయుదురు. ఇది గ్రాహ్యము కాదు. వచ్చినదంతయు ఖర్చయి, ఎవరికిని బాకీపడని సంసారమును ఈ పాఠము అప్పునకు పంపును. శిష్యులు మిగులు సున్నయగునట్టి అంకెలనిచ్చి పరీక్షింపరు గనుక ఈ దోషము చాలకాలము దాగియుండును.

 

చీటీలను నమ్మనివారు "ఆర్‌డీ కట్టు" అని చదువుకొనునది.