మూడో నంబరు ప్రమాద సూచిక గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మూడో నంబరు ప్రమాద సూచిక గారి సముఖమునకు,

కాకినాడ తీరాన కాపురముండు ఒక గృహస్థు నమస్కరించి రాసుకొన్న విన్నపము. ఉభయకుశలోపరి. మా కుశలం తమరు స్తంభం మీద ఉన్నంతసేపే. దిగాక ఏమవుతుందో కింద మనవి చేసుకుంటాను.

బంగాళాఖాతంలో ఎక్కడో గాలి సుళ్ళు తిరిగిందంటే చాలు, కాకినాడ, గంగవరం, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో తమరో తమ అన్నదమ్ములో స్తంభం ఎక్కుతారు. పగలు నల్లటి శంకువులూ పీపాలూ, రాత్రి ఎర్రదీపాలూ తెల్లదీపాలూ. ఆ సంగతి రేవుకు వెళ్ళి చూసి తెలుసుకునేవాడు మా వీధిలో లేడు. టీవీలో అడుగున పాకే అక్షరాల్లో చదువుకుంటాం. తమ ముఖం ఎలా ఉంటుందో ఎవరూ ఎరగరు గానీ, తమ పేరు వినగానే కొవ్వొత్తులు కొంటారు, పాల ప్యాకెట్లు రెండు ఎక్కువ తెస్తారు, ఫోన్లన్నీ ఛార్జింగుకు పెడతారు. ముఖం చూపించకుండా ఇంత పని చేయించే అధికారి జిల్లాలో ఇంకొకరు లేరు. అందుకే కలెక్టరు గారిని వదిలి తమకే రాస్తున్నాను.

తమ హోదా గురించి జనంలో ఒక అపోహ ఉంది. ఒకటి నుంచి పది దాకా అన్నీ మెట్లనీ, మూడు రెండుకన్నా ఒక మెట్టు పైనుంటుందనీ, పది ఎక్కితే ప్రళయమనీ నమ్మకం. "ఇంకా మూడే కదా, ఏడు దాకా చూద్దాం" అని మా ఎదురింటి మాస్టారు డాబా మీద వడియాలు కూడా తీయరు. తమ వంశవృక్షం అలా పెరగలేదని ఆయనకు ఎవరు చెప్పాలి? మొత్తం పదకొండు మందిలో మొదటి ఇద్దరూ రేవు విడిచి వెళ్ళబోయే ఓడలతో మాట్లాడతారు. ఒకటంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని, రెండంటే అది తుఫానయిందని. తమరూ నాలుగో నంబరు వారూ రేవులో ఉన్న ఓడలవైపు. తమరు ఎక్కితే ఇక్కడే ఈదురుగాలులని, ఆయన ఎక్కితే తుఫాను ముందుముందు ఈ రేవు మీదికి రావచ్చని. ఇక అయిదు, ఆరు, ఏడు నంబర్లు చెప్పేది దారి. తుఫాను రేవును తన ఎడమకు వదిలి తీరం దాటితే అయిదు, కుడికి వదిలితే ఆరు, నెత్తిమీదుగానో పక్కనుంచో దాటితే ఏడు. తీవ్రమైన తుఫానుకు ఇదే వరసలో ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండో ఆయన సంగతే వేరు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పడానికి ఆయన ఎక్కుతాడు. తనకేమీ తెలియడం లేదని బాహాటంగా ఒప్పుకునే ప్రభుత్వోద్యోగం దేశంలో ఇదొక్కటే కావచ్చు.

ఈ కుడి ఎడమల లెక్క ఉత్తుత్తిది కాదు. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. పడమటికి వచ్చి తీరం దాటే తుఫానుకు కుడివైపున్న ఊళ్ళ మీదికి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. ఎడమవైపు ఊళ్ళలో అదే గాలి నేలమీద నుంచి సముద్రంలోకి పోతుంది. 1977 నవంబరు 19న తుఫాను దాటింది చీరాల వైపున. ఉప్పెన వచ్చింది దానికి కుడిచేతి పక్కనున్న దివిసీమ మీదికి. పదివేలమందికి పైగా పోయారు. చీరాలకూ దివిసీమకూ మధ్య ఉన్న తేడా కిలోమీటర్ల తేడా ఒక్కటే కాదు, చేతుల తేడా కూడా. రేవులో గుమస్తాకు కంఠతా వచ్చిన ఈ విషయం తీరాన కాపురమున్న ఇంట్లో తెలియదు.

తమ కొలువు ఓడలకోసం పుట్టింది కాబట్టి ఇందులో తప్పు పట్టను. 1864 అక్టోబరులో కలకత్తా మీద, నెల తిరక్కుండా బందరు మీద తుఫాన్లు పడ్డాయి. బందరు ఉప్పెనలో దాదాపు ముప్ఫైవేలమంది పోయారంటారు. ఆ మరుసటి ఏడే కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు అంతకు చాలా ముందే, 1839లో, తుఫానుకు మట్టికొట్టుకుపోయింది. మావాళ్ళు ఇంతమంది పోయాక ఏర్పడిన ఏర్పాటు ఇప్పటికీ మొదట ఓడలతోనే మాట్లాడుతుంది. ఓడలు పలికినట్టు మేం పలకలేకపోయామేమో.

తుఫాను మా మీద పడితే ఏం చేయాలో నేర్చుకున్నాం. 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్ మా ఉత్తరాంధ్ర బంధువులకు అది బాగానే నేర్పింది. నా విన్నపం పడని తుఫాను గురించి. మా ఎదుటనుంచి, సముద్రంలో నూటయాభై, రెండువందల కిలోమీటర్ల దూరంగా, ఒడిశాకో బెంగాలుకో మయన్మారుకో పోయే తుఫాను గురించి. అది దాటిపోగానే టీవీలో ఒక మాట వస్తుంది: "ఆంధ్రకు తప్పిన ముప్పు". బీచిలో రెయిన్‌కోటు వేసుకుని నిలబడ్డ విలేకరి కోటు విప్పేస్తాడు. తమరు స్తంభం దిగిపోతారు.

2019 నాటి ఫణి తుఫాను చూడండి. ఏప్రిల్ ఆఖరి వారంలో భూమధ్యరేఖకు దగ్గర్లో, సుమత్రాకు పడమట పుట్టింది. మొదట తమిళనాడు, దక్షిణ కోస్తా వైపు అడుగులేసింది. చెరువులెండిన చెన్నై అది వస్తే బాగుండునని చూసింది. మలుపు తిరిగి మా తీరం పొడవునా నడిచి మే 3 ఉదయం పూరీ దగ్గర నేలకెక్కింది. అప్పుడు మనకు ఎన్నికలయ్యాయి, ఫలితాలు రాలేదు. ఎన్నికల నియమావళి అమల్లో ఉంటే సహాయం ఎలాగని ఎన్నికల సంఘం తూర్పుగోదావరి నుంచి శ్రీకాకుళం దాకా నాలుగు జిల్లాల్లో దాన్ని సడలించింది. ఆర్నెల్ల ముందు తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లను కూల్చేసిన ఉద్దానంలో జనం మళ్ళీ ఆకాశం చూస్తూ కూర్చున్నారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు గాలీ వానా కొట్టి వదిలేశాయి. మిగతా మనమంతా "అమ్మయ్య" అన్నాం. ఆ గాలి పూరీలో ఎవరిమీద పడింది? అక్కడి పెంటకటా బెస్తవాడలో ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. మన అమ్మయ్య వాళ్ళకు తెలుగులోనే వినబడి ఉంటుంది.

సరే, దాటిపోయే తుఫాను మాకేం చేస్తుందో మనవి చేస్తాను. అది ఆగ్నేయాన ఉన్నప్పుడు గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. మబ్బులు పరుగెడతాయి, నాలుగు జల్లులు పడతాయి, పిల్లలు సంబరపడతారు. మా ఎదురుగా వచ్చేసరికి గాలి ఉత్తరానికి తిరుగుతుంది. తమరు స్తంభం మీదుండేది అప్పుడే. అది మమ్మల్ని దాటి ఉత్తరాదికి పోయాక గాలి వాయవ్యానికి, పడమటికి మళ్ళుతుంది. మొత్తం తీరం దానికి ఎడమచేతి పక్కన ఉంటుంది. గాలి తెలంగాణ మీదుగా, ఎండిన నేలమీదుగా వచ్చి మా ఇళ్ళలోంచి సముద్రంలోకి పోతుంది. తుఫాను చుట్టుపక్కల గాలి కిందికి దిగడంతో మబ్బు విరిగిపోయి ఆకాశం కడిగినట్టుంటుంది. ఊళ్ళో తేమంతా ఊడ్చుకుని తనతో తీసుకుపోతుంది, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళ కుండ ఖాళీ చేసి గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయే చుట్టంలాగా.

మే నెలలో మా కోస్తాను కాపాడేది సముద్రపు గాలి. మధ్యాహ్నం పన్నెండూ ఒంటిగంటకు అది లేచిందా, ఎండ 37, 38 డిగ్రీల దగ్గర ఆగుతుంది. చెమట కారుతుంది గానీ బతుకుతాం. పడమటిగాలి దాన్ని తీరం ఎక్కనివ్వని రోజున 43, 44 కూడా చూడాల్సి వస్తుంది. 2020 మేలో ఉంపున్ తుఫాను బెంగాలులో తీరం దాటాక ఇదే జరిగింది. 2003 సంగతి ఇంకా దారుణం. ఆ ఏడు మే 10 తరవాత బంగాళాఖాతంలో ఒక తుఫాను పది రోజులు తచ్చాడింది. శ్రీలంకను వరదల్లో ముంచి చివరికి మయన్మారులో తీరం దాటింది. మన తీరాన్ని తాకనే లేదు. ఆ వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. గాలినీ తేమనూ ఆ తుఫాను తనవైపు లాక్కుపోవడం అందుకొక కారణమని వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పారు. వెయ్యి ప్రాణాలు, ఒక్క రేకు కూడా లేవకుండా. దాన్ని తుఫాను మృతుల పద్దులో ఎవరూ రాయలేదు.

సముద్రమైనా ఊరుకుంటుందా అంటే అదీ లేదు. తుఫాను రెండువందల కిలోమీటర్ల అవతల ఉన్నా దాని అలలు ముందే వచ్చేస్తాయి. కాకినాడ రేవుకు హోప్ ఐలాండ్ ఇసుకమేట అడ్డుంది. ఉత్తరానున్న ఉప్పాడకు ఆ అడ్డు లేదు. ఇసుక నింపిన జియోట్యూబు గోడ కట్టారు, రాళ్ళు పోశారు. బీచ్ రోడ్డు తెగడం, పోయడం, మళ్ళీ తెగడం. రేవులో ఓడ క్షేమంగా ఉంటే తమ ఉద్యోగం సాగినట్టే, ఉప్పాడలో జాలరి ఇల్లు పోయినా సరే. అలల హెచ్చరిక ఇచ్చేది వేరే సంస్థ, ఇన్‌కాయిస్. అదుండేది హైదరాబాదులో, ప్రగతినగర్ దగ్గర. సముద్రం ఎలా ఉందో మూసీ ఒడ్డునుంచి చెబుతారని నవ్వకండి, బాగానే చెబుతారు. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదన్న మాట కూడా ప్రతి బులెటిన్లో ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో మరబోట్లకు వేట ఎలాగూ నిషేధమే కదా, మే నెలలో ఆ మాట ఎవరికోసమో అని మాస్టారి సందేహం. తెప్పమీద వెళ్ళేవాడి కోసం. అతనికి నిషేధం లేదు, అతని చేతిలో బులెటినూ లేదు.

వాతావరణ శాఖవారిని ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. 2021 డిసెంబరులో జవాద్ తుఫాను వస్తుందని ఉత్తర కోస్తా మూడు జిల్లాల్లో బడులు మూశారు, రైళ్ళు ఆపారు, జనాన్ని తరలించారు. అది సముద్రంలోనే నీరసించి పూరీ చేరేసరికి వాయుగుండమైంది. "వానన్నారు, ఏదీ?" అని వెటకారం చేసినవాళ్ళే 2022 మేలో అసని ఒడిశాకు పోతుందనుకుని పడుకున్నారు. అది మళ్ళి మచిలీపట్నం, నరసాపురాల మధ్య దిగింది. వస్తూవస్తూ శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి ఒడ్డుకు ఎక్కడిదో బంగారు రంగు రథాన్ని తెచ్చిపెట్టింది. ఇలా దారి మళ్ళే తుఫానుకు లెక్క కట్టడం తేలిక కాదు. అయినా ఒకరోజు ముందు చెప్పిన చోటుకూ తుఫాను నిజంగా ఉన్నచోటుకూ తేడా సగటున 80 కిలోమీటర్ల దరిదాపుల్లోకి తగ్గించారు. కాకినాడ నుంచి రాజమండ్రి దాటిపోయేంత దూరం అది. ఆకాశానికి తక్కువ, ఇంటికి ఎక్కువ. "ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అంటే ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రాల్లో నాలుగోవంతు దాకా, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు తగ్గకుండా అని. తునిలో కుండపోత, కాకినాడలో ఎండ, రెండూ ఆ మాటలో ఇమిడిపోతాయి. ఈ లెక్క బడిలో చెబితే సగం వెటకారం తగ్గును.

కనుక తమకు నా మనవి. తమ పదకొండుమందికీ ఒక తమ్ముణ్ణి ఇప్పించండి, పన్నెండో నంబరు. తుఫాను మమ్మల్ని దాటిపోయాక, తమరంతా స్తంభం దిగాక అతనెక్కాలి. గాలి నేలమీదనుంచి మళ్ళింది, రేపు సముద్రపు గాలి ఎక్కదు, ఎండ కాస్తుంది అని చెప్పాలి. జీతం అక్కరలేదు. రంగు ఎరుపే పెట్టండి.

పన్నెండో నంబరు ఢిల్లీలో ఆలస్యమైతే ఇంకో దారి ఉంది. వడగాడ్పుల హెచ్చరికలు మండలాలవారీగా విపత్తుల నిర్వహణ సంస్థ ఇస్తూనే ఉంది. అవి వేరే కాగితం మీద, వేరే రోజున, తుఫానుతో చుట్టరికం లేనట్టు వస్తాయి. ఆఖరి తుఫాను బులెటిన్లోనే, ముప్పు తప్పిందన్న వాక్యం కిందే, వచ్చే మూడు రోజులూ గాలి ఎటునుంచి, ఎండ ఎంత, ఉప్పాడలో అల ఎంత అన్న మూడు ముక్కలు రాయించండి. ఉపాధి పనికి వెళ్ళేవాళ్ళూ, రబీ ధాన్యం కళ్ళాల మీద ఆరబోసుకున్నవాళ్ళూ, డాబా ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళూ చదివేది ఆ ఒక్క బులెటినే. దాని తరవాత టీవీ కట్టేస్తారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తుఫానుకు ఎడమచేతి పక్కన ఉండే ఒక గృహస్థు

తా.క. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. ఈలోగా అయితే మేలు.