పెద్దలకు శ్రమ లేని క్రీడాస్ఫూర్తి: కొన్ని సూచనలు

హైస్కూలు పిల్లల్లో క్రీడాస్ఫూర్తి పెంచాలని తలపెట్టిన ప్రధానోపాధ్యాయులు, కరస్పాండెంట్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది: దాని ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పిల్లలే పెట్టుకోవాలన్నది లోకం అంగీకరించిన పద్ధతి. కాబట్టి ప్రమాణంతో మొదలుపెట్టండి. పెద్దలు షామియానా కింద కూర్చున్నాక, ఎండలో నిలబడ్డ జట్ల తరఫున ఒక విద్యార్థి చెయ్యి చాచి, నియమాలను గౌరవిస్తానని చదువుతాడు. తర్వాత ముఖ్య అతిథి గెలుపోటములు సహజమని సెలవిస్తారు. మర్నాడు జిల్లా పేజీలో ఆ వాక్యమే అచ్చవుతుంది. పెద్దలు కూడా ప్రమాణం చేయాలేమోనన్న అనుమానం వస్తే ఒలింపిక్స్ చరిత్ర చూసి ధైర్యం తెచ్చుకోండి. క్రీడాకారుల చేత ప్రమాణం చేయించడం 1920లో ఆంట్‌వెర్ప్‌లో మొదలైంది. న్యాయనిర్ణేతల చేత కూడా చేయించాలని తోచేసరికి 1972 వచ్చింది. వేసవి ఒలింపిక్స్‌లో కోచ్‌ల వంతు 2012లో గానీ రాలేదు. అంత పెద్ద పండగే 92 ఏళ్ళు ఆగినప్పుడు మన మండల స్థాయి పోటీలకు తొందరేముంది?

ప్రమాణం అయింది కనుక ఇక రిజిస్టరు సంగతి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసుల వారీగా జరుగుతాయి. కాబట్టి కబడ్డీ జట్టులో అందరికంటే ముందు తర్ఫీదు ఇవ్వాల్సింది పుట్టిన తేదీకి. నెలల తేడా కూడా ఎంత పని చేస్తుందో 1985లో రోజర్ బార్న్‌స్లీ బృందం కెనడా ఐస్ హాకీలో చూపించింది. అక్కడ వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. పై స్థాయి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళు కిక్కిరిసి ఉంటే, చివరి నెలలవాళ్ళు పలచగా కనిపించారు. అబద్ధాల అవసరమే లేకుండా, కొన్ని నెలల ఎదుగుదల చేసిన పని అది. ఇక రెండేళ్ళు దాచిపెడితే ఎంత కలిసొస్తుందో మీరే లెక్క వేసుకోండి. చిక్కల్లా ఎముకతోనే, దానికి మీ బోనఫైడ్ సర్టిఫికెట్ చదవడం రాదు. మణికట్టు ఎక్స్‌రే తీసి వయసు అంచనా కట్టే టీడబ్ల్యూ-3 పద్ధతిని బీసీసీఐ జూనియర్ క్రికెట్‌లో వాడుతోంది. కేంద్ర క్రీడా శాఖ 2010లోనే వయసు మోసాలపై జాతీయ నియమావళి తెచ్చింది. అయినా మండల మైదానానికి ఎక్స్‌రే యంత్రం నడిచి రాదు కదా, నిశ్చింతగా ఉండండి. రాహుల్ ద్రావిడ్ మాత్రం 2015లో పటౌడీ స్మారకోపన్యాసంలో ఈ విషయం పట్టుకుని వదల్లేదు. పిల్లాడికి అబద్ధం నేర్పుతున్నది కన్నవాళ్ళూ కోచ్‌లే అన్నాడు. పద్నాలుగేళ్ళప్పటి దొంగ వయసుకూ పాతికేళ్ళప్పటి ఫిక్సింగ్‌కూ తేడా ఏమిటని అడిగాడు. అలాంటి ఉపన్యాసాలను స్కూల్లో వినిపించకపోవడం మంచిది.

ఇదంతా కడుపు నిండినవాళ్ళ నీతి అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కేంద్ర ప్రభుత్వ కొలువులకు స్పోర్ట్స్ కోటాలో దరఖాస్తు చేసేవాళ్ళకు జాతీయ స్థాయి స్కూల్ గేమ్స్ ధ్రువపత్రం, అదే ఫారం-4, ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టగలదు. ఏ ఆట, ఏ ఊళ్ళో, ఏ తేదీల్లో, ఎన్నో స్థానం అన్నవే ఆ కాగితం అడుగుతుంది, ఎలా ఆడారని అడగదు. అలాంటప్పుడు పేద కుర్రాడి కోసం ఒక అంకె దిద్దితే పాపమా? వాదన బాగానే ఉంది. కాకపోతే మీసాలొచ్చినవాడు అండర్-14లో ఆడితే ఇంటికి వెళ్ళేది షావుకారు కొడుకు కాదు, అతను ఈపాటికి ఐఐటీ ఫౌండేషన్ క్లాసులో ఉంటాడు. వెళ్ళేది పక్క ఊరి జెడ్పీ హైస్కూల్లో నిజంగానే పదమూడేళ్ళున్న మరో పేద పిల్లాడు. కాబట్టి ఈ జాలి వాదన ఎత్తుకునేటప్పుడు ఆ రెండో పిల్లాడు గదిలో లేకుండా చూసుకోండి. వాడు ఎదురుగా ఉంటే వాదన నిలబడదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి నిజాయితీ దానంతటదే పుట్టుకొస్తుంది. కబడ్డీలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కూతకు వెళ్ళినవాడి వేలు డిఫెండరు చర్మానికి తగిలిందో లేదో ఆ ఇద్దరికే ఖాయంగా తెలుస్తుంది. అంపైరు చూసేది దుమ్ములో కదిలే కాళ్ళూ చేతులూ. అంపైరు గుర్తించకముందే ఒక పిల్ల చెయ్యెత్తి తాను అవుటని చెప్పి లైను బయటికి వెళ్ళిపోయిందనుకోండి, ఎదుటి జట్టుకు ఒక పాయింటు వస్తుంది. అప్పుడు పీఈటీ సారు గీత అవతల నుంచి ‘నిన్నెవరు చెప్పమన్నారే!’ అని అరిస్తే చాలు, ఏడాది పొడవునా చెప్పిన నీతిపాఠాల సారం ఆ రెండు మాటల్లో జట్టందరికీ ఎక్కుతుంది. బహుమతి ప్రదానంలో ఆ పిల్ల ఊసెత్తకండి. తప్పదనుకుంటే ‘క్రమశిక్షణ గల జట్టు’ అనే కప్పు ఒకటి పెట్టి, మొదటి రౌండులోనే ఓడిపోయి ఎవరి జోలికీ పోలేకపోయిన జట్టుకు ఇవ్వండి. క్రీడాస్ఫూర్తి అంటే ఓడినవాళ్ళకు దక్కే ఓదార్పు అని అందరికీ అర్థమవుతుంది.

నడవడికనే పాయింట్లలో కలిపితే పోదా అని అడిగే అమాయకులూ ఉన్నారు. వాళ్ళకు 2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్ గుర్తుచేయండి. పాయింట్లు, గోల్స్, ముఖాముఖి ఫలితం అన్నీ సమానమైనా, సెనెగల్‌కు ఆరు పసుపు కార్డులు, జపాన్‌కు నాలుగే ఉన్నందుకు జపాన్ ముందుకు వెళ్ళింది. ఆ లెక్క ముందే తెలిసిన జపాన్, పోలండ్ చేతిలో ఒక గోల్‌తో ఓడుతూ కూడా చివరి నిమిషాలన్నీ బంతిని తమలో తామే అటూ ఇటూ తోసుకుంది. ప్రేక్షకులు ఈలలు వేశారు. చూశారా, లెక్కలోకి తెస్తే మంచితనం కూడా ఎత్తుగడ అయిపోతుందని మీరు గట్టిగా వాదించవచ్చు. అయితే ఆ ఆట ఇంకొకటి కూడా చెబుతోంది: దేన్ని లెక్కిస్తే దాన్ని ఆటగాళ్ళు అప్పటికప్పుడే పాటిస్తారు, ఉపన్యాసం అక్కర్లేకుండానే. ఈ రెండో సంగతి పైకి రానీయకండి. వస్తే తర్వాతి ప్రశ్న ఎవరెవర్ని లెక్కించాలనే. ఫుట్‌బాల్‌లో 2019 నుంచి గీత అవతలున్న కోచ్‌లకూ పసుపు, ఎర్ర కార్డులు చూపిస్తున్నారు. మీ పీఈటీకి ఈ కబురు ఇంకా అంది ఉండకపోతే మీరుగా చెప్పకండి. వయసు ధ్రువపత్రం మీద సంతకం పెట్టినవారికి అసలే చెప్పకండి.