మాండెల్‌బ్రాట్ కింద కందులు

నాకో హాబీ ఉందని చెప్పగానే మా అమ్మ కంగారుపడింది. "ఎన్ని దినాలసంది? దవఖానల సూపిచ్చుకోరాదురా!"

జబ్బు కాదమ్మా, కంప్యూటర్లో ఫ్రాక్టల్ బొమ్మలు చేయడం అన్నాను. చేయడం అనేది గొప్పకు. చేసేది సూత్రం, కాలేది కరెంటు, పేరు మాత్రం నాది. సున్నాతో మొదలుపెట్టి, దాన్ని వర్గం చేసి, ఒక సంఖ్య కలపాలి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి, మళ్లీ అదే సంఖ్య కలపాలి. ఇలా వందలసార్లు. కొన్ని సంఖ్యలతో లెక్క అదుపు తప్పి, మా ఊరు బంట్వారం విడిచి హైదరాబాదు పోయిన కుర్రాళ్లలా మళ్లీ వెనక్కి చూడదు. ఎంత తొందరగా పారిపోయిందన్న దాన్నిబట్టి బొమ్మలో ఆ సంఖ్య తాలూకు చుక్కకు రంగు. ఎన్నిసార్లు తిప్పినా ఊరు దాటనివాటికి నలుపు. నేను ఈ నలుపు బాపతు. అందుకే బొమ్మ చూడగానే బంధుత్వం కలిసింది.

ఫ్రాక్టల్ అనే మాటను 1975లో పుట్టించినవాడు మాండెల్‌బ్రాట్. 1980లో ఐబీఎంలో కూర్చుని ఈ బొమ్మ అందాలు బయటపెట్టాడు. అంచు దగ్గర ఎంత పెద్దది చేసి చూసినా లోపల ఇంకో అంచు, దానిలో మళ్లీ బుల్లి మాండెల్‌బ్రాట్ బొమ్మ. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "ఎండకాలంల మన రేగడి చేను నెర్రెలిచ్చినట్టుంది. గీదానికి కరెంటెందుకురా?"

పెద్ద బొమ్మ తయారవడానికి రాత్రంతా పడుతుంది. ఓసారి తొంభైశాతం దగ్గర కరెంటు పోయింది. అప్పటినుంచి పొద్దున లేవగానే నా మొదటి దండం ట్రాన్స్‌ఫార్మర్‌కి. రెండోది మా ఆవిడకి. కంప్యూటర్ వేడెక్కుతుందని ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపు తిప్పి, తను విసనకర్ర అందుకుంటుంది. ఒకరోజు మనసాగక థ్యాంక్స్ అన్నాను. విసరడం ఆపి అనుమానంగా చూసింది. "ఏమైంది? పైసలు గిట్ల గావాల్నా?"

ఒక బొమ్మ మరీ ముద్దొచ్చి తాండూరు పోయి ఫ్లెక్సీ కొట్టించాను. షాపు కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. "లీడర్ ఫోటో ఏ మూలకు పెట్టాలన్నా?" ఎవరిదీ వద్దన్నాను. "పోనీ, పండుగ శుభాకాంక్షలన్న పెడ్దమా?" అదీ వద్దంటే, ఏ పార్టీలోనూ చోటు దొరకనివాణ్ణి చూసినట్టు జాలిగా చూశాడు.

గోడకు కట్టిన వారానికే అర్ధరాత్రి అకాల వర్షం. వాకిట్లో కందుల కుప్ప. అవి 2022లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందులని వానకేం తెలుసు? నేను చెప్పులు వెతుక్కునేలోగా అమ్మ ఫ్లెక్సీ పీకి కుప్ప మీద కప్పేసింది.

తెల్లారి చూస్తే నా ఊరు దాటని నలుపు మీద నీళ్లు మడుగు కట్టాయి. కింద ఒక్క గింజ తడవలేదు. అమ్మ కందులు పిడికిట్లోకి తీసుకుని మురిసిపోయింది. "సల్లగుండు బిడ్డా! గిసొంటిదే ఇంకోటి పెద్దది దే, గడ్డివాముకు."

నా కళకు వచ్చిన మొదటి ఆర్డరు అది. ఇప్పుడు గడ్డివాము కొలతకు బొమ్మ తయారవుతోంది. ఫ్యాను మళ్లీ అటే తిరిగి ఉంది, పక్కన విసనకర్ర ఆడుతోంది. థ్యాంక్స్ నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఫ్లెక్సీకి నిజంగానే పైసలు కావాలి మరి!