అటక పురాణం

సంక్రాంతి వెళ్లిన మర్నాడు, ఇంగ్లండులోని రెడింగ్‌లో. పాల కోసం వీధిలోకి వెళ్లి వెనక్కి తిరిగి చూద్దును కదా, వరసన ఉన్న ఇళ్లన్నిటి పెంకుల మీదా ముగ్గుపిండి జల్లినట్టు తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఒక్క మా బావమరిది ఇంటి కప్పు మాత్రం నల్లగా, తడిగా నిగనిగలాడుతోంది.

“చూశావా బావా, ఈ వీధిలో మనింటికే ముందు ఎండ తగులుతుంది” అన్నాడు గర్వంగా.

ఎండా లేదు, గిండా లేదు. అసలు సంగతి ఎదురింటి పెద్దాయన చెప్పాడు. లోపల కాలుతున్న గ్యాసు వేడి అటకలోంచి పెంకులకి ఎక్కి మంచుని కరిగిస్తోందిట. పైన ఏ అడ్డూ లేని ఇంట్లో పావు వంతు వేడి కప్పులోంచే పోతుందిట. అంటే మావాడు చలికాలమంతా కట్టే బిల్లులో నాలుగో వంతు రెడింగ్ పావురాలు చలి కాచుకోవడానికన్నమాట. పుణ్యకార్యమే, కాకపోతే రసీదు ఇవ్వరు.

దీనికి మందు చాలా చవక. అటక దూలాల మధ్య గాజు ఉన్ని పరుపులా పరచడం, దాని మీద అడ్డంగా ఇంకో పొర వెయ్యడం. మొత్తం మందం 270 మిల్లీమీటర్లు, అంటే జానెడు దాటి కొంచెం. మావాడికి వచ్చిన కొటేషన్ వెయ్యి పౌన్లు. ఏడాదికి రెండొందల పైన మిగులుతుందని అంచనా. ఐదేళ్లలో అసలు తిరిగొచ్చేస్తుంది. పైగా ఈ పనికి వ్యాట్ కూడా లేదు, 2022 నుంచి సున్నా చేశారు. ఎదురింటాయనకి మాత్రం ఈ లెక్క కుదరదు. ఆయన అటకలో ఇదివరకే సగం మందం ఉంది. ఇంకో పొర వేయిస్తే మిగిలేది ఏడాదికి పాతికో ముప్ఫయ్యో. చలిలో మొదటి దుప్పటి చేసే మేలు మూడో దుప్పటి చెయ్యదు కదా.

“మరి వేయించవేమోయ్?” అన్నాను.

“సొంత డబ్బు ఎందుకు బావా? గవర్నమెంటు పథకం పడుతుంది.”

ఈ మాట 2013 నుంచి అంటున్నాడు. ఇళ్ల పట్టా కోసం మన వాళ్లు చూసే ఎదురుచూపులకి తక్కువేం కాదు.

ఆ ఏడాది జనవరిలో వచ్చింది ‘గ్రీన్ డీల్’. పేరులో పచ్చదనం ఉంది గానీ అది గ్రాంటు కాదు, అప్పు. వడ్డీ సుమారు ఏడు శాతం. ఆ అప్పు మనిషి పేరున ఉండదు, కరెంటు మీటరు పేరున ఉంటుంది. ఇల్లు అమ్మేస్తే తర్వాత దిగినవాడు నెలనెలా కడతాడు. తాత అప్పు మనవడు తీర్చడం మనకి కొత్త కాదు గానీ, ముక్కూ మొహం తెలియని వాడి అప్పు వంటగదితో పాటు సంక్రమించడం మాత్రం ఆంగ్లేయుల సొంత సృష్టి. ఏడాది చివరికి పదివేల మంది చేరకపోతే తనకి నిద్ర పట్టదని మంత్రి గ్రెగ్ బార్కర్ అన్నారు. జనం చేరలేదు. ఆయన నిద్ర ఏమైందో పాపం. 2015 జులైలో కొత్తగా డబ్బు ఇవ్వడం ఆపేశారు. ఆడిట్ ఆఫీసు లెక్క తీస్తే ఖర్చు 24 కోట్ల పౌన్లు, ఒక్కో అప్పు మంజూరుకి ప్రజల సొమ్ము 17 వేలు పడింది. ఆ డబ్బుతో మా బావమరిది అటకలాంటివి పదిహేడు కప్పెయ్యొచ్చు.

తర్వాత 2020లో ‘గ్రీన్ హోమ్స్ గ్రాంట్’. ఈసారి అప్పు కాదు, వోచరు. 150 కోట్ల పౌన్లు, ఆరు లక్షల ఇళ్లు, ఆరు నెలల గడువు. మావాడు అప్లికేషన్ పెట్టాడు. వోచరు వచ్చేసరికి మేస్త్రీ దొరకలేదు, మేస్త్రీ దొరికేసరికి వోచరు గడువు అయిపోయింది. మార్చి 2021లో పథకానికే తలుపులు మూశారు. చివరికి బాగుపడేవి ఓ 47,500 ఇళ్లని తేలింది. ఖర్చయ్యే 31 కోట్ల చిల్లరలో 5 కోట్లు ఆఫీసు ఖర్చులే. అటకల సంగతెలా ఉన్నా ఆఫీసులు వెచ్చగానే ఉన్నాయి.

ఆ మధ్య వేరే పథకాల కింద ఇళ్ల బయటి గోడలకి ఇలాంటి తొడుగే వేయించారు. 2025లో ఆడిట్ వాళ్లు చూస్తే, నూటికి 98 ఇళ్లలో పని మళ్లీ సరిచెయ్యాల్సిందేనని తేలింది. ఆ మిగతా రెండిళ్ల మేస్త్రీ ఎవరో కనుక్కుని సన్మానం చెయ్యాలి.

ఈలోపు ఏడాదికి వంద పౌన్లే పోయాయనుకున్నా, పదమూడేళ్లకి పదమూడు వందలు కప్పు దాటిపోయాయి. వెయ్యి పౌన్ల పని ఊరికే చేయించుకుందామని పదమూడు వందలు పోసిన మొనగాడు మావాడు. సరే, ఈసారి నా పోరు పడలేక సొంత డబ్బుతోనే చేయిస్తానన్నాడు.

అప్పుడు అడ్డుపడింది అటకే.

నిచ్చెనెక్కి తల పెట్టి చూశాను. ఎయిరిండియా స్టిక్కర్లున్న సూట్‌కేసులు పదకొండు. బొమ్మల కొలువు పెట్టెలు. పిల్లాడు నాలుగో నెలలో వదిలేసిన ఉయ్యాల, వాడిప్పుడు యూనివర్సిటీలో ఉన్నాడు. ప్లగ్గు కుదరని గ్రైండరు. మా అత్తగారు ఇరవై మూడు కిలోల్లో ఇరికించి పంపిన ఇత్తడి బిందె. ఇవన్నీ దిగితే గానీ ఉన్ని పరచలేరు. పరిచాక మళ్లీ దాని మీదే పడేస్తే ఉన్ని అణిగి పనికిరాదు. కాళ్లున్న పలకలు వేయించాలి. వాటి ఖర్చు ఉన్ని కన్నా ఎక్కువ.

మా వాళ్లనే అనడం దేనికి? పైసా ఖర్చు లేకుండా వేస్తామన్నా జనం ఎందుకు రావట్లేదని అక్కడి గవర్నమెంటే తల పట్టుకుంది. 2011 ప్రాంతంలో ఒక చిన్న ప్రయోగం చేసి చూశారు. అటకలోని సామాను దింపి సర్దిపెడతాం, దానికి వేరే చార్జీ అన్నారు. డబ్బు ఎక్కువైనా సరే, మూడింతల మంది ముందుకొచ్చారు.

మా బావమరిది భార్యకి ఈ సంగతి ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, “ఆ ఉయ్యాల ఒక్కటీ తియ్యద్దు అన్నయ్యగారూ. సూట్‌కేసులంటారా, ఎండాకాలం ఇండియా వెళ్లేటప్పుడు చూద్దాం” అంది.

మొన్న ఫోన్ చేసినప్పుడు కొటేషన్ కాగితం సంగతి అడిగాను. ఎక్కడికీ పోలేదు, అటకలో నీలం సూట్‌కేసులో ఆవిడ జాగ్రత్తగా పెట్టిందట.