పచ్చ టిక్కు కామెర్లు

ఎడిటర్లో ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే చాలు, సాఫ్ట్‌వేర్‌కి నాణ్యత దానంతటదే పట్టేస్తుందని మన ఐటీ లోకంలో గట్టి నమ్మకం. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ తెరిస్తే ఎడమ అంచున ప్రయోగశాల గాజుకుప్పె బొమ్మ ఒకటుంటుంది. నొక్కితే ప్రాజెక్టులోని టెస్టులన్నీ వరసకట్టి నిలబడతాయి. ఒక్కోదాని పక్కన చిన్న త్రికోణం. దాన్ని నొక్కితే చక్రం తిరుగుతుంది, తిరిగి తిరిగి ఆకుపచ్చ టిక్కు పడుతుంది. పడ్డాక ఇంక ప్రశ్నల్లేవు. మేనేజరు అడగడు, క్లయింటు అడగడు, టెస్టు రాసినవాడు అసలే అడగడు.

ఈ రంగుకి చరిత్ర ఉంది. 1997లో జ్యూరిచ్ నుంచి అట్లాంటా వెళ్తున్న విమానంలో కెంట్ బెక్, ఎరిక్ గామా పక్కపక్కన కూర్చుని జేయూనిట్ అనే టెస్టు సరంజామాకి ప్రాణం పోశారు. టెస్టు నెగ్గితే పచ్చ పట్టీ, ఓడితే ఎర్ర పట్టీ. ఆ గామాయే తరవాత మైక్రోసాఫ్ట్‌లో చేరి వీఎస్ కోడ్ బృందాన్ని నడిపించాడు. 2015లో ఎడిటర్ బయటికొచ్చింది. 2021 జులై విడుదలతో టెస్టుల్ని నడిపే ఏర్పాటు ఎడిటర్లోనే భాగమైపోయింది. జెస్ట్, పైటెస్ట్, ప్లేరైట్, ఈ టెస్టు పనిముట్లలో దేని ఎక్స్‌టెన్షన్ వేసుకున్నా అదే గాజుకుప్పె, అదే టిక్కు. ఇంతవరకూ పేచీ ఏమీ లేదు. పనిముట్టు మంచిదే. పేచీ అంతా దాని ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్ళతో.

నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర పుట్టి, అమీర్‌పేటలో టెస్టింగ్ టూల్స్ నేర్చుకుని, ఇప్పుడు హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్న గుంటణ్ణి ఊహించుకోండి. టెక్కలి, పలాస, కాశీబుగ్గ, ఏ ఊళ్ళో వెతికినా ఇలాంటివాడు ఒకడు దొరక్కపోడు. అరుగు మీద పెద్దాయన అడుగుతాడు.

“ఏటి పనిరా బాబూ నీది?”

“టెస్టింగు, మావా.”

“ఏటి టెస్టింగు? నీళ్ళదా, రగతందా?”

ఆ పక్కనున్న ఉద్దానం ప్రాంతంలో ఆ ప్రశ్న ఎగతాళి కాదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్ని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, రక్తం పరీక్షించారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. సీరం క్రియాటినిన్ అనే రక్తపరీక్ష పేరు అక్కడి జీడితోటల్లో కూలికెళ్ళే మనిషికీ నోటికొచ్చు. ఆ పరీక్షలో ఒక మెలిక ఉంది. కిడ్నీల సత్తువ దాదాపు సగం పడిపోయేదాకా క్రియాటినిన్ అంకె మామూలుగానే కనబడొచ్చు. అందుకే డాక్టర్లు ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోరు. ఈజీఎఫ్ఆర్ అనే వడపోత వేగం లెక్క కడతారు, మూత్రం చూస్తారు, మూడు నెలలాగి మళ్ళీ రమ్మంటారు. కాగితం మీద ‘నార్మల్’ అని పడగానే సంచి సర్దుకుని వెళ్ళిపోకూడదని ఆసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చున్న ముసలమ్మకి తెలుసు. తెలియంది కంపెనీలకే. అక్కడ ఒక్క ‘నార్మల్’ రాగానే రోగిని డిశ్చార్జి చేసి, బిల్లు పంపి, లింక్డిన్‌లో పండగ చేసుకుంటారు.

ఆ ‘నార్మల్’ ఎలా తెప్పిస్తారన్నది చూడముచ్చటైన విద్య. అన్నిటికన్నా మర్యాదైన దారి రిట్రై. టెస్టు ఒకసారి పడిపోతే ప్లేరైట్ దాన్ని మళ్ళీ నడుపుతుంది, మనం ఎన్నిసార్లంటే అన్నిసార్లు. మొదటిసారి పడి రెండోసారి నెగ్గినదానికి పాపం నిజాయితీగా ‘ఫ్లేకీ’ అని ముద్ర వేస్తుంది కూడా. కానీ ప్రత్యేకంగా చెప్తే తప్ప మొత్తం పరుగుని ఓటమిగా లెక్కించదు. ఇంకేముంది, ముద్ర చూసేవాడు లేడు. మూడుసార్లు తలుపు కొడితే ఒకసారి తెరుచుకునే లాగిన్ పేజీ కాగితం మీద పాసైపోతుంది. వాడుకునే మనిషి మాత్రం ఒక్కసారే కొడతాడు.

ఈ జబ్బు చిన్నా పెద్దా చూడదు. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత చపలత్వం ఉందని గూగుల్ ఇంజనీర్లు 2016లోనే బయటపెట్టారు. పచ్చ నుంచి ఎరుపుకి మారిన సందర్భాల్లో 84 శాతం దాకా ఇలాంటి చపల టెస్టుల పుణ్యమేనట. అంటే ఎర్ర గుర్తు పడితే, అది నిజమైన తప్పు కాదనుకోవడమే గణితం ప్రకారం తెలివైన పని. నాన్నా పులి అని రోజూ అరిచే టెస్టుని నమ్మేదెవరు? గూగుల్ ఈ బెడద మీద మనుషుల్ని పెట్టి, చపల టెస్టుల్ని విడిగా కట్టడి చేసే ఏర్పాట్లు చేసుకుంది. మనవాళ్ళు రిట్రై సంఖ్యని 2 నుంచి 5కి పెంచారు.

రెండో దారి ఇంకా సులువు. జెస్ట్‌లో స్నాప్‌షాట్ టెస్టులనేవి ఉంటాయి. తెరకి పంపిన కోడు నిన్న ఎలా ఉందో దాచిపెట్టుకుని, ఇవాళ్టిదాంతో పోల్చి చూస్తాయి. తేడా వస్తే ఎరుపు. అప్పుడు కీబోర్డు మీద ‘యూ’ అనే ఒక్క అక్షరం నొక్కితే, ఇవాళ ఎలా ఉందో అదే సరైనదని ఒప్పేసుకుని అన్నీ ఒక్కసారిగా పచ్చబడతాయి. ధర మొత్తం సున్నా చూపిస్తున్నా సరే, బటనే మాయమైపోయినా సరే. మార్చాల్సింది కోడా, జవాబుపత్రమా అని ఆలోచించే బాధే లేదు. ఏ పరీక్షల బోర్డూ ఇంత ఉదారంగా గ్రేస్ మార్కులు వేసి ఎరగదు.

ఇక టెస్టునే నడపకుండా దాటేసే స్కిప్ గురించి చెప్పక్కర్లేదు. అయిదు సెకన్లు ఊరికే ఆగమని మధ్యలో ఒక లైను ఇరికించడం కూడా పాత కిటుకే. సర్వర్ నెమ్మదిగా ఉందని కాదట, టెస్టుకి ఆయాసం తీర్చుకోనిస్తున్నారట. కవరేజీ అనే ఘనకార్యం మరొకటి. ఎనభై శాతం లైన్లు టెస్టుల్లో నడిచాయంటే ఎనభై శాతం సరిగ్గా ఉన్నట్టని పైవాళ్ళకి నివేదిక వెళ్తుంది. లైను నడవడానికీ, అది ఇచ్చిన జవాబు సరైనదేనా అని అడగడానికీ మధ్య ఉన్న దూరం నౌపడకీ న్యూజెర్సీకీ ఉన్నంత. ‘ఎక్స్‌పెక్ట్ ట్రూ టు బి ట్రూ’ అని రాసిన టెస్టులు బతికున్న ప్రాజెక్టుల్లో బతికే ఉన్నాయి. నిజం నిజమేనా అని అడిగితే నిజమే అంటుంది. ఎందుకనదూ!

దీని మీద ఒక మంచి పరిహాసం 2015లోనే జరిగిపోయింది. తమ డీజిల్ కార్లకి పొగ పరీక్ష జరుగుతోందని పసిగట్టి, ఆ కాసేపూ బుద్ధిగా నడుచుకునే సాఫ్ట్‌వేర్ పెట్టిన ఫోక్స్‌వ్యాగన్ ఆ సెప్టెంబరులో అమెరికాలో దొరికిపోయింది. అలాంటి కార్లు ప్రపంచమంతటా కోటీ పది లక్షలని కంపెనీయే ఒప్పుకుంది. కొద్ది వారాల్లోనే ప్రోగ్రామర్లు అదే కంపెనీ పేరు పెట్టి ఒక జావాస్క్రిప్ట్ ప్యాకేజీ వదిలారు. టెస్టులు తనిఖీ సర్వర్లో నడుస్తున్నాయని కనిపెట్టి, పడిపోవాల్సినవాటిని కూడా పాస్ చేయించడం దాని పని. హాస్యానికి రాసినదే. కానీ చాలా బృందాలు ఆ ప్యాకేజీ వేసుకోకుండానే, సొంత చేతుల్తో అదే పని చేసుకుపోతున్నాయి కాబట్టి నవ్వు సగంలోనే ఆగుతుంది.

మళ్ళీ మన నౌపడ గుంటడి దగ్గరికి. సంతబొమ్మాళి మండలంలో కూర్చుని అతను రాసే టెస్టులో కస్టమర్ పేరు జాన్ డో. చిరునామా 123 మెయిన్ స్ట్రీట్. పేరు ముందు, ఇంటిపేరు వెనక, రెండూ చక్కటి ఇంగ్లీషు అక్షరాల్లో. టిక్కు పడుతుంది. అతని సొంత తండ్రి అదే ఫారం నింపబోతే ఇంటిపేరు గడిలో ఒక్క పొడి అక్షరమే వేస్తాడు, కనీసం మూడక్షరాలుండాలని ఫారం కసురుకుంటుంది. ఇంటి నంబరు తప్పనిసరి అంటుంది, ఆయన రామాలయం ఎదురుగా అని రాస్తాడు. వీధిలో కనిపించే మనుషులెవరూ టెస్టులోకి రారు. టెస్టులోకి వచ్చే జాన్ డో వీధిలో ఎప్పుడూ కనబడడు.

తెలుగుని ఎవరు టెస్ట్ చేస్తారులే అనుకుంటే ఏమవుతుందో ఆపిల్‌కి బాగా తెలుసు. 2016 మేలో ఆ కంపెనీ అధిపతి టిమ్ కుక్ స్వయంగా హైదరాబాదు వచ్చి మ్యాప్స్ కేంద్రం ప్రారంభించాడు. రెండేళ్ళు తిరక్కుండా, 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని మంచాన పడేసింది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, దీర్ఘం, ఈ అయిదూ ఆ వరసలో చేరితే ఐఓఎస్ 11.2.5 దాన్ని గీయలేక కుప్పకూలేది. మెసేజ్ విప్పితే యాప్ పోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే తలకిందులయ్యేది. ఆకతాయిలు ఆ అక్షరాన్ని ప్రపంచమంతా పంచిపెట్టారు. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి చేతులు కడుక్కున్నారు. కోట్లమంది మాట్లాడే భాషలో జ్ఞానానికి మొదటి అక్షరం అది. దాన్నొకసారి ఇలా కూర్చి చూడాలని ఎవరికీ తట్టకపోయినా, 11.2.5ని బయటికి పంపిన రోజున అక్కడా టిక్కులన్నీ పచ్చగానే పడి ఉంటాయి.

అక్షరంతో సరిపోలేదు, తరవాత అంకె వచ్చింది. 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్ళే ఒక పాసు ఫొటో దేశమంతా తిరిగింది. కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన చిన్న అప్‌డేట్. దాంతో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క. తరవాత క్రౌడ్‌స్ట్రైకే ఒప్పుకున్న సంగతి ఇది: అప్‌డేట్ల మూస నిర్వచనంలో 21 గడులున్నాయి, కోడు ఇచ్చేది 20 విలువలే. ఆ తేడా టెస్టుల్లో ఎందుకు బయటపడలేదు? టెస్టుల్లో ఆ 21వ గడికి ‘ఏదైనా పర్లేదు’ అనే గుర్తు పెట్టారు. ఏదైనా పర్లేదన్నాక చూసేదేముంది, టెస్టు నెగ్గింది. ఒత్తిడి పరీక్షా నెగ్గింది. ముందు పంపిన అప్‌డేట్లూ క్షేమంగా వెళ్ళాయి. జులై 19న మొదటిసారి ఆ గడిలో అసలైన షరతు వచ్చింది. పైగా అప్‌డేట్లని తనిఖీ చేసి వదిలే ప్రోగ్రాములోనే తప్పుంది.

ఇప్పుడు ఈ వ్యవహారంలోకి కృత్రిమ మేధ కూడా వచ్చి చేరింది. ఎడిటర్లోనే పక్కన కూర్చుని కోడూ అదే రాస్తుంది, దానికి టెస్టులూ అదే రాస్తుంది. టెస్టు పడిపోతే సరిచెయ్యమంటే, కోడు వదిలేసి టెస్టుని సరిచేసే అలవాటు దానికుందని వాడినవాళ్ళు మొత్తుకుంటున్నారు. దొంగకే తాళాలిచ్చి, మర్నాడు పొద్దున్న ఇల్లు భద్రమేనా అని వాడినే అడగడం. టిక్కుల సంఖ్య మాత్రం పదింతలైంది. స్లయిడ్లు ఎంత పచ్చగా ఉన్నాయో!

విచిత్రమేమిటంటే ఈ ఎక్స్‌టెన్షన్లలో నిజంగా పనికొచ్చే మీట వేరే ఉంది. త్రికోణం మీద కుడివైపు బటన్ నొక్కితే డీబగ్ అనే దారి కనబడుతుంది. కోడు పక్కన ఎర్ర చుక్క పెట్టి నడిపిస్తే సరిగ్గా అక్కడ ఆగుతుంది. ఏ పెట్టెలో ఏ విలువుందో చూపిస్తుంది, ఒక్కో అడుగూ మనతో వేయిస్తుంది. ప్లేరైట్ అయితే బ్రౌజరు తెరిచి ఎక్కడ ఇరుక్కుందో కళ్ళకి కట్టిస్తుంది. వెనకటికి రాత్రంతా తెర మీద అంకెలు అచ్చేసుకుని వెతుక్కునే తప్పు దీంతో అరగంటలో దొరకొచ్చు. ఈ సరంజామా అంతా అక్కరకొచ్చేది టెస్టు పడిపోయినప్పుడే. నెగ్గిన టెస్టుని ఆపి విచారించేవాడెవడూ ఉండడు. కొన్నది తప్పులు పట్టుకునే యంత్రాన్ని, మురిసిపోతున్నది అది తప్పులు పట్టనప్పుడు. ఎర్ర గుర్తు కనబడితే చాలు, కంగారు మొదలు. స్ప్రింట్ నివేదిక పాడవుతుంది, క్లయింటుకి జవాబు చెప్పాలి, “బాబూ, ఆ రెండూ ప్రస్తుతానికి స్కిప్ చేసెయ్యి” అని లీడు గారు ఫోన్ చేస్తారు. “సరేనండీ” అని గుంటడు చేసేస్తాడు. అతని రేటింగు అతని చేతుల్లో లేదు మరి.

ప్లేరైట్‌లో భాషని తెలుగుకి మార్చే ఏర్పాటుంది, నెట్‌ని పూర్తిగా తెగ్గొట్టి చూసే ఏర్పాటుంది. నౌపడలో రైలెక్కి గుణుపురం వైపు వెళ్తూ ఫోన్‌లో డబ్బు కట్టబోయే మనిషికి ఏం జరగొచ్చు? దారిలో సిగ్నల్ పోతుంది. ఓటీపీ ఆలస్యంగా వస్తుంది. రాలేదనుకుని రెండోసారి నొక్కితే డబ్బు రెండుసార్లు పోవచ్చు. ఈ మూడింటికీ టెస్టులు రాయడం ఒక మధ్యాహ్నం పని. గుంటడు రాస్తానన్నాడు కూడా. కానీ రాస్తే మూడూ ఎర్రగా వచ్చే ప్రమాదం ఉందనీ, శుక్రవారం విడుదల ఆగిపోతుందనీ లెక్కలు చూసుకుని, వాటిని వచ్చే స్ప్రింట్‌కి జరిపారు.