ఒంటిచేతి మేస్త్రి

చేతిపంపులు మిగిలి ఉన్న మండలాల్లో ఒంటిచేతి మేస్త్రి ఒకడు తప్పక తగులుతాడు. ఊళ్లో అతన్ని బోరింగు మెకానిక్ అంటారు. మిగతా మెకానిక్‌లకూ అతనికీ తేడా ఒక్కటే: రాడ్లు లాగేటప్పుడు ఇంకొకరు చెయ్యి వేయడానికి వీల్లేదు. సాయం వచ్చినవాణ్ణి "జరుగు, నీడ పడుతోంది" అని తరిమేస్తాడు. మిట్టమధ్యాహ్నం నీడేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అతని ఆస్తి ఒక గోనెసంచి. అందులో రెండు పానాలు, పైపు రెంచి, రాడ్డు వైసు, గుడ్డలో చుట్టిన వాషర్లు ఉంటాయి. వీటిలో రాడ్డు వైసే అసలు మొనగాడు. పైకి లాగిన రాడ్డును అది బిగించి పట్టుకుంటేనే మేస్త్రి చేతులు ఖాళీ అయ్యేది. అది వదిలిందా, కిందున్న వరసంతా బోరు పాలే. అంటే రెండో మనిషి ఉన్నట్టే. కూలి అడగడు, బీడీ అడగడు కాబట్టి లెక్కలోకి రాడు.

రోగనిర్ణయం పంపు రకాన్ని బట్టి ఉంటుంది. ఇండియా మార్కు 2 పంపులో పిస్టన్ 63.5 మిల్లీమీటర్లు, పైపు 32. పిస్టన్ ఆ పైపులోంచి రాదు కాబట్టి దాని వాషరు మార్చాలంటే పైపులన్నీ ఎత్తాలి. అది నలుగురి పని. మార్కు 3లో పైపు 65 మిల్లీమీటర్లు. రాడ్లతో పాటే పిస్టన్ పైకొస్తుంది, ఒక్కడికీ సాధ్యం. అందుకే మార్కు 3 ఆగితే మేస్త్రి "వాషరు పోయింది" అంటాడు. మార్కు 2 ఆగితే "భూమిలో నీళ్లే పోయాయి" అని సంచి సర్దుకుంటాడు.

మార్కు 3 దొరికిన రోజు అతనికి పండగ. ముందు పైమూత తీసి, చైను విప్పుతాడు. విప్పిన నట్టు పళ్ల మధ్య పెట్టుకుంటాడు. ఆపైన సర్పంచి అడిగినా జవాబు "ఊఁ" మాత్రమే. దాన్ని అవునని కొందరు, కాదని కొందరు అర్థం చేసుకుంటారు.

తర్వాతి మెట్టులో నిజంగానే పనితనం ఉంది. చైను ఊడాక హ్యాండిలు ఇచ్చే ఎనిమిదింతల బలం పోతుంది. బోరులో నీళ్లు 20 మీటర్ల లోతున ఉంటే పిస్టన్ మీద 60 కిలోల పైచిలుకు నీటి బరువు కూర్చుని ఉంటుంది. పిస్టన్ ఆడే సిలిండరు 30 మీటర్ల లోతున ఉంటే రాడ్లు పది. ఒక్కొక్కటి మూడు మీటర్లు, రెండున్నర కిలోల పైనే. ఇదంతా కలిపి లాగబోతే నడుం పట్టేస్తుంది. మేస్త్రి లాగడు. రాడ్లను కిందికంటా దించి, తాళం తీసేవాడిలా చెవి ఒగ్గి కుడివైపుకు తిప్పుతాడు. పిస్టన్ వెళ్లి అడుగునున్న ఫుట్‌వాల్వు మరలో బిగుస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది, పైపులో నీళ్లు గలగలమంటూ బోరులోకి దిగిపోతాయి. ఇక మిగిలింది ఇనుము బరువే.

ఎత్తడం, వైసు బిగించడం, రెండు పానాలతో కప్లింగు విప్పడం, రాడ్డును గోనె మీద పడుకోబెట్టడం: పదిసార్లు ఇదే వరస. మనిషికి దాదాపు రెట్టింపు పొడవున్న రాడ్డు గాల్లో ఊగుతూ ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచుకుని తప్పుకుంటారు. అతను దాన్ని గౌరవం అనుకుంటాడు.

పాత వాషరు తీసి కొత్తది వేశాక అదే వరస తలకిందులుగా సాగుతుంది. చైను తగిలిస్తాడు, మూత బిగిస్తాడు, మీసం తుడుచుకుంటాడు. హ్యాండిలు కొడితే గాలి తప్ప ఏమీ రాదు. వదిలేసిన నీళ్లు మళ్లీ నిండాలి కదా: 20 మీటర్ల పైపుకు సుమారు 75 లీటర్లు, కొట్టుకు 400 మిల్లీలీటర్లే. దాదాపు 190 కొట్లు.

ముప్పయ్యో కొట్టు దగ్గర ఒంటిచేతి మేస్త్రి హ్యాండిలు వదిలేసి, నీడలోకి జరిగి బీడీ ముట్టించి అంటాడు: "చూస్తూ నిలబడతారేంట్రా, ఊరి బోరింగు కాదూ? తలా ఒక చెయ్యి వెయ్యండి!"