దరఖాస్తు పెట్టని విత్తనం

మన దేశంలో అధికారికంగా లేని పత్తి ఒకటుంది. ఆదిలాబాద్ చేలల్లోనూ గుంటూరు చేలల్లోనూ అది మొలుస్తుంది, పూస్తుంది, కాస్తుంది, మార్కెట్ యార్డుకు వెళ్లి దర్జాగా తూకం వేయించుకుంటుంది. ఢిల్లీ రికార్డుల్లో మాత్రం దానికి పుట్టుక లేదు. కలుపు మందు పైన పడ్డా చావని ఈ జన్యుమార్పిడి (జీఎం) పత్తిని శాస్త్రవేత్తలు హెచ్‌టీబీటీ అంటారు. ఊళ్లో బీజీ-3 అంటారు. 2017లో కేంద్రం వేసిన కమిటీ మహారాష్ట్ర, గుజరాత్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో తిరిగి, పత్తి విస్తీర్ణంలో సుమారు 15 శాతం దీనిదేనని తేల్చింది. తేల్చి, నివేదిక ఇచ్చి, ఇంటికెళ్లింది.

రోహిణి కార్తె వస్తే బేరం ఇలా సాగుతుంది.

"బీజీ-3 ఉన్నదా తమ్మీ?"

"ఉన్నది కాకా. బిల్లు అడగొద్దు."

"మొలుస్తదా?"

"మొలవకుంటే నన్ను అడగొద్దు."

వ్యవసాయ రంగంలో ఇంత పారదర్శకమైన ఒప్పందం ఇంకోటి చూపించండి! కవరు మీద కంపెనీ పేరుండదు, లాట్ నంబరుండదు, తేదీ ఉండదు. గులాబీ రంగు పూసిన గింజలుంటాయి, పైన ఓ స్టేపుల్ పిన్ను ఉంటుంది. అందులో అసలు ఎంతో, జిన్నింగ్ మిల్లులో ఊడ్చి తెచ్చి రంగద్దింది ఎంతో ఆ తమ్ముడికీ తెలీదు. అన్నీ తెలిసే కాకా కొంటాడు. ముసురు పట్టిందంటే చేలో గుంటుక దిగదు, కలుపుకు కూలీలు దొరకరు, పక్షం తిరిగేసరికి గడ్డి పత్తిని మింగేస్తుంది. ఆయనకు కావలసింది జన్యువు కాదు, కలుపు చావడం.

చట్టం లేదనుకునేరు. భేషైన చట్టముంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లోనే నిబంధనలు రాసుకున్నాం. ప్రయోగశాలకో కమిటీ, దాని మీద బయోటెక్నాలజీ శాఖలో మరో కమిటీ, ఆ మీద పర్యావరణ శాఖలో అనుమతులిచ్చే జీఈఏసీ, రాష్ట్రానికి ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒకటి, జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన ఇంకొకటి. జిల్లా కమిటీలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు దగ్గర్నుంచి వైద్యాధికారి దాకా అందరికీ కుర్చీలున్నాయి. మీ జిల్లా కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందని కలెక్టరేటులో అడిగి చూడండి. అదేం కమిటీ అని మిమ్మల్నే ఎదురడిగితే ఆశ్చర్యపోకండి.

ఈ కమిటీల పనితనం మొదట్లోనే బయటపడింది. 2001లో గుజరాత్‌లో వేల ఎకరాల్లో అనుమతి లేని బీటీ పత్తి (పురుగును చంపే విషాన్ని తనే తయారుచేసుకునేది) దొరికింది. పంట తగలబెట్టమని జీఈఏసీ ఉరిమింది. ఏ అగ్గిపుల్లా వెలగలేదు. ఆర్నెల్లు తిరక్కుండానే, 2002 మార్చిలో, మరో కంపెనీ బీటీ హైబ్రిడ్లకు అధికారికంగా అనుమతి వచ్చింది. అప్పుడు నేర్చుకున్నాడు విత్తనాల వ్యాపారి: ముందు నాటాలి, తర్వాత అడగాలి.

అనుమతి ఇచ్చాకనైనా కన్నేసి ఉంచారా? 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు గింజల ప్యాకెట్ ఇచ్చారు. చేను చుట్టూ వేస్తే పురుగు విషానికి అలవాటు పడటం మందగిస్తుందని లెక్క. ఆ చిన్న ప్యాకెట్ ఎక్కువగా గట్టు మీదే ఉండిపోయింది. వేశావా అని అడిగిన నాథుడు లేడు. గులాబీ రంగు పురుగు మాత్రం శ్రద్ధగా చదువుకుని, రెండో తరం బీటీ పత్తి బీజీ-2 పరీక్ష కూడా పాసైంది.

ఇక కలుపు మందు సంగతి. ఈ పత్తి తట్టుకునే గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ కొట్టరాదని 2022 అక్టోబరులో కేంద్రం ఆజ్ఞ వేసింది. అంటే అపార్ట్‌మెంట్లలో బొద్దింకలు చంపే కుర్రాడు బండేసుకుని బెల్లంపల్లి చేలకు రావాలన్నమాట. కాకా ఎదురు చూస్తున్నాడు.

తిండి విషయంలో మన జాగ్రత్త మరీ ముచ్చటైంది. బీటీ వంకాయకు 2009లో జీఈఏసీ సరేనంది. హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విని, 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఆపేశారు. తాత్కాలికంగా. ఆ తాత్కాలికం ఇంకా నడుస్తూనే ఉంది. వంకాయ మీద అంత పట్టింపు ఉన్నవాళ్లం పత్తిగింజల నూనె మాత్రం పోసుకుంటున్నాం. బీటీ వంకాయ తినకూడదు, బీటీ పత్తిగింజల నూనెలో వేయించిన వంకాయ బజ్జీ తినొచ్చు. శుద్ధి చేసిన నూనెలో బీటీ ప్రోటీన్ మిగలదంటారు, ఒప్పుకుంటాను. గేదెకు పెట్టే పత్తి చెక్క మాటేమిటి? జీఎం ఆవాలకు 2022లో పచ్చజెండా ఊపితే, 2024లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. ఈలోగా అర్జెంటీనా, బ్రెజిల్ సోయా నూనె మన మూకుళ్లలో కాగుతూనే ఉంది. ఆ దేశాల సోయా దాదాపు మొత్తం జీఎందే.

ఈ పంటలు అమృతమనీ అనను, విషమనీ అనను. పరీక్ష చేసి ఔనో కాదో చెప్పమంటున్నాను. కలుపు మందు తట్టుకునే పత్తి దరఖాస్తును ఒక కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది, తర్వాత మళ్లీ పెట్టింది. ఫైలు పోయింది, వచ్చింది. విత్తనం ఎక్కడికీ పోలేదు. తెలంగాణలో విత్తన నేరగాళ్ల మీద పీడీ యాక్టు పెట్టొచ్చు, పెడుతున్నారు కూడా. టాస్క్‌ఫోర్స్ వాళ్లకు గింజ రోడ్డు మీదున్నంతసేపే నేరం కనబడుతుంది. మట్టిలో పడి రెండాకులు వేసిందంటే పంట, దానికి శాల్యూట్.

ఫైల్లో ఉన్నది కంపెనీ విత్తనం, చేలో ఉన్నది స్టేపుల్ పిన్ను విత్తనం. రెండోదాని తరఫున ఎవరూ అర్జీ పెట్టలేదు గనక, జీఈఏసీ వారి సౌకర్యార్థం నేనే నింపి పంపుతున్నాను.

విత్తనం పేరు: బీజీ-3, గ్రామ నామం.
దరఖాస్తుదారు: తమ్మి. బిల్లు అడగరాదు.
క్షేత్ర ప్రయోగాలు: లక్షల ఎకరాల్లో, ఏళ్ల తరబడి, రైతు సొంత ఖర్చుతో.
ప్రయోగ ఫలితాలు: ఎవరూ రాసుకోలేదు.
పశువులపై పరీక్ష: గేదెలపై నడుస్తోంది. గేదెలకు సమాచారం లేదు.
పర్యవేక్షణ: చెక్‌పోస్టు దాకా.
పంట పోతే బాధ్యులు: కాకా.